సాగదీయని దారం

సిల్వాసా,
జూన్ 9.

దీవెన గారికి,

వదినా అని రాయబోయి ఆగిపోయాను. అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఆ పిలుపు నోటికి తేలిగ్గా వచ్చేది. మీరున్న చోటికి ఫోను చేసి మాట్లాడాలంటే ఎవరెవరి అనుమతో కావాలట. అందుకని ఈ ఉత్తరం.

అన్నయ్య జ్ఞాపకార్థ కూడిక అమ్మ ఒక్కతే పెట్టించింది. "కోడలేదీ?" అని అడిగినవాళ్లకి ఏం చెప్పాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుందట. నాకు సెలవు దొరకలేదు. మట్టి చేసిన మర్నాడే రైలెక్కి వచ్చేసినదానివి, నీకు మాట్లాడే హక్కేముందని మీరు అనవచ్చు. అయినా మాట్లాడతాను. చచ్చిపోయింది మా అన్నయ్య.

కొబ్బరిచెట్టు మీదుండగా, నడుముని మానుకి పట్టి ఉంచే బెల్టు తెగి ఏసురాజు పడిపోయాడనే మొదట్లో ఊరంతా అనుకుంది. ఆ బెల్టు తయారుచేసి అమ్మిన జగన్నాథరావు "తాగి ఎక్కాడు, అందుకే పడ్డాడు" అంటే ఎవరూ నమ్మలేదు. తర్వాత మీరు రాజమండ్రిలో అతని కొట్టుకి వెళ్లి కత్తి దూశారు. మర్నాటికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులో 'తాగుబోతు మొగుడు, రౌడీ పెళ్లాం' అని తిరిగింది. ఇప్పుడతను చేతికి కట్టు కట్టుకుని అందరి జాలీ పోగేసుకుంటున్నాడు. అన్నయ్య చావు కాగితాల్లో మద్యం మత్తు అని రాసేసుకున్నారు. మీరు ఒక్క పూట ఓర్చుకుని ఉంటే అన్నయ్య పేరైనా మిగిలేది.

ఇంకో మాట. ఆ వారమంతా వాన పడిందని అమ్మ చెప్పింది. తడి చెట్లు ఎక్కుతుంటే మీరెందుకు ఆపలేదు?

నేను పనిచేసేది పాలిస్టర్ దారం తీసే ఫ్యాక్టరీలో, దారం బలం పరీక్షించే ల్యాబులో అని మీకు తెలుసు. తెగిన ఆ బెల్టు ఎక్కడుందో చెప్పండి. మీ నుంచి నాకు కావలసింది అదొక్కటే.

సువార్త


మహిళా కారాగారం,
రాజమహేంద్రవరం,
జూన్ 24.

సువార్తకి,

నన్ను 'గారు' అన్నావు, 'మీరు' అన్నావు. ఇక్కడ వార్డరమ్మ నన్ను "ఏయ్ దీవెనా" అని పిలుస్తుంది. ఇన్నాళ్లకి గౌరవం నీ ఉత్తరంలో దొరికింది. దాన్ని నీ దగ్గరే ఉంచుకో.

చెట్లు తడిగా లేవు. వాన ముందురోజే ఆగిపోయి, ఆ పొద్దున ఎండ చుర్రుమంటోంది. ఆయన చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని వచ్చాడు. నోట్లో ఆ వాసన తప్ప మరో వాసన లేదు. నాకెలా తెలుసంటావా? నేను పక్కనే ఉన్నాను కాబట్టి. వీరమ్మ గారి కొబ్బరితోటలో ఆయన చెట్టెక్కి దింపు తీస్తుంటే కింద కాయలు పోగేస్తున్నది నేనే.

"దీవెనా, పక్కకి జరుగు" అన్నాడు పైనుంచి. గెల కోయబోతున్నాడనుకుని జరిగాను. ఆయన బెల్టు మీద వెనక్కి ఆనాడు. తాడు తెగితే టప్పుమని చప్పుడొస్తుంది కదా. చప్పుడేమీ రాలేదు సువార్తా. పాకం తీగ సాగి సాగి విడిపోయినట్టు అది ఆయన్ని వదిలేసింది. నేను అంతకుముందు నిలబడిన చోటే పడ్డాడు. నువ్వు వచ్చేటప్పటికి ఆయన్ని కడిగి, తెల్ల పంచె కట్టి పడుకోబెట్టారు. నేను చూసింది నువ్వు చూడలేదు.

కత్తి పట్టుకుని నేను ఆ కొట్టుకి వెళ్లలేదు. తెగిన కొస ఒక్కటి కోసి పట్టుకెళ్లాను.

"ఇది మీ బెల్టండి. తెగిపోయిందండి. మా ఆయన చచ్చిపోయాడండి" అన్నాను.

జగన్నాథరావు కళ్లజోడు కూడా సర్దుకోలేదు. "మా బెల్టు ఏనుగుని కట్టినా తెగదమ్మా. మీవాడు తాగి ఎక్కాడు. తాగినోడికి బెల్టేం చేస్తుంది, బైబిలేం చేస్తుంది?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ ముక్కని కాళ్ల దగ్గరున్న చెత్తబుట్టలో పడేశాడు. దాన్ని తీసుకోవడానికి వంగాను. బల్ల మీద కొబ్బరి కత్తులు అమ్మకానికి పేర్చి ఉన్నాయి. లేచేటప్పటికి నా చేతిలో ఒకటుంది.

మెడ మీద వేద్దామనుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు. నా బాధల్లా అదే. నువ్వు నన్ను ఎన్ని అన్నా దానికి మించి బాధపడను.

మిగతా బెల్టంతా అత్తయ్య దగ్గరుంది. ఆయన పెళ్లి చొక్కాలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాను. పోలీసులు అడగలేదు, నేనూ ఇవ్వలేదు. తెప్పించుకో. పరీక్షిస్తావో, పూజిస్తావో నీ ఇష్టం. కానీ అందులో ఏముందో తేలితే నాకు రాయి. జాలి రాయకు.

దీవెన


సిల్వాసా,
జులై 21.

వదినా,

నీ ఉత్తరం అందింది. "పక్కకి జరుగు" అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను. క్షమించమని అడిగితే నువ్వు తిడతావు. అందుకని పని సంగతి రాస్తాను.

బెల్టు వచ్చింది. అమ్మ చొక్కాతో సహా పార్సిల్ చేసేసింది. చొక్కా మడత పెట్టి దాచాను.

నీకు మొదటినుంచీ చెప్పాలి. పాలిస్టర్ గింజల్ని కరిగించి, జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు సన్నటి బెజ్జాల్లోంచి కిందికి వదులుతాం. కింద తిరిగే చక్రం ఆ ధారల్ని లాగి దారంగా చుట్టుకుంటుంది. గింజలు అవే, బెజ్జాలు అవే. చక్రం ఎంత వేగంగా లాగితే దారం లోపలి కట్టు అలా మారిపోతుంది. నిమిషానికి వెయ్యి మీటర్ల చొప్పున మెల్లగా లాగామనుకో, లోపలి అణువుల గొలుసులన్నీ చిక్కుపడ్డ జుట్టులా ఎటు పడితే అటు పడి ఉంటాయి. ఆ దారాన్ని పట్టి లాగితే సాగుతుంది, సాగింది వెనక్కి రాదు. మూడు వేలు దాటించి లాగితే సగం దువ్విన జుట్టు అవుతుంది. గొలుసులు ఒక వైపుకి తిరుగుతాయి గానీ ఒకదాన్నొకటి పట్టుకోవు. ఆ సగం దారాన్ని చీరల దారం చేసేవాళ్లు కొనుక్కుని, వేడిచేసి, మళ్లీ సాగదీసుకుని వాడతారు. అది పలుకు మీదున్న అన్నం. అలాగే వడ్డించకూడదు.

మనిషి ప్రాణం మోసే బెల్టుకి కావలసింది వేరే. తీసిన దారాన్ని వేడి రోలర్ల మీద ఐదారింతలు సాగదీస్తే, అప్పుడు గొలుసులన్నీ బారుగా నిలబడి, దగ్గర దగ్గరగా పేరుకుని గట్టిపడతాయి. మరిగే నీళ్లలో వేసినా అది పెద్దగా చలించదు. సగం దారం అయితే తనని లాగి నిలబెట్టిన సంగతి వేడి తగలగానే మరిచిపోయి ముడుచుకుపోతుంది.

అన్నయ్య బెల్టులోంచి పోగు తీసి నా గది పొయ్యి మీదే మరిగే నీళ్లలో వేశాను. సగానికి సగం ముడుచుకుపోయింది. భోజనాల టైములో ల్యాబు మిషను మీద తెంపి చూశాను. ఉండాల్సిన బలంలో మూడో వంతు కూడా లేదు. రోలర్ల ముఖం చూడని దారం అది. సాగదీయని సగం దారంతో నేసి, పైపైన రంగు పూసి, 'సేఫ్టీ' అని ఎర్రక్షరాలు అచ్చేసి, అన్నయ్య నడుముకి కట్టాడు ఆ జగన్నాథరావు.

నేను నిన్ను తప్పుపట్టాను వదినా. నువ్వు కత్తి వేసినందుకు ఇప్పటికీ కోపంగానే ఉంది, కానీ కారణం మారింది. చేతి మీద గాయం మానిపోతుంది. వాడికి మానని గాయం కావాలి.

బెల్టు వాడుతున్న రోజుల్లో అన్నయ్య దాని గురించి ఏమైనా అన్నాడా? ఎంత చిన్న మాటైనా రాయి.

సువార్త


మహిళా కారాగారం,
రాజమహేంద్రవరం,
ఆగస్టు 12.

సువార్తా,

అన్నాడు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పోలీసులకి చెబితే వాళ్లు నవ్వుతారని. నీకు రాద్దామని మొన్న కూడా కలం పట్టి మానేశాను.

వేసవిలో ఒకరోజు పని నుంచి వచ్చి బెల్టు విప్పుతూ, "నేను బక్కచిక్కిపోతున్నానే దీవెనా. బెల్టు వదులైపోతోంది" అన్నాడు. బకిల్ ఒక బెజ్జం లోపలికి జరిపాడు. కొన్నాళ్లకి ఇంకో బెజ్జం. చివరికి బెజ్జాలు చాలక మేకు కాల్చి కొత్తది పొడిచాడు. ఎండకి మనిషి కరిగిపోతున్నాడనుకున్నాను. అత్తయ్యకి తెలియకుండా పొద్దున్నే పచ్చిగుడ్డు కొట్టి తాగించేదాన్ని. "ఇప్పుడు బాగానే ఉన్నానా?" అని అద్దం ముందు నిలబడి పొట్ట నిమురుకునేవాడు.

చిక్కింది ఆయన కాదు. సాగింది బెల్టు. రోజూ మా కళ్ల ముందే సాగుతుంటే నేను గుడ్లు కొట్టి పోస్తున్నాను. నీ ఉత్తరం చదివాక అది తెలిసింది. తెలియకుండా ఉంటేనే బాగుండేదేమో, కానీ తెలిసింది కాబట్టి ఇక వాడిని వదలను.

నువ్వు రాసింది మా బ్యారక్‌లో అందరికీ చదివి వినిపించాను. పెద్దాపురం ఆవిడ ఒకామె ఉంది, భర్తకి విషం పెట్టిందని తెచ్చారు. "మూడు వేల వేగానికి సగం దారం అయితే, ఏడెనిమిది వేలకి లాగితే పూర్తి దారం అయిపోతుందిగా? మళ్లీ సాగదీసే బాధెందుకు?" అని అడిగింది. నాకు తెలియలేదు. రాయి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. జగన్నాథరావుకి ఈ సంగతి తెలుసా? మంచి దారమని ఎవరో అంటగడితే కొన్నాడా, తెలిసే నేశాడా? తెలియకపోతే నేను కత్తి వేసింది మోసపోయిన మూర్ఖుడి మీద. అప్పుడు నా పాపం నేను మోసుకుంటాను. తెలిసి చేసి ఉంటే, నా చేతికి బలం చాలనందుకు ఏడుస్తాను. అది తేల్చు.

దీవెన


సిల్వాసా,
సెప్టెంబరు 15.

వదినా,

మీ పెద్దాపురం ఆవిడకి నా తరఫున చెప్పు. ఆవిడ అడిగిన ప్రశ్న మా దగ్గర కొత్తగా చేరినవాళ్లు కూడా అడుగుతారు. ఐదారు వేల వేగం దాటితే దారం గాల్లో ఉండగానే లోపల గట్టిపడడం మొదలవుతుంది. మరిగే నీళ్లలో వేసినా అంతగా ముడుచుకోదు. అంతవరకు ఆవిడ అన్నది నిజమే. కానీ ఏడు వేలకి పోనిస్తే, చల్లగాలి తగిలే పై పొర ముందే బిగుసుకుని లాగుడంతా తనమీదే వేసుకుంటుంది. లోపలి భాగం వెనకబడి మెత్తగా ఉండిపోతుంది. పైన ఒక దారం, లోపల ఇంకో దారం. చూపుకి నిగనిగలాడుతుంది, బలం మాత్రం మళ్లీ తగ్గుతుంది. అందుకే వేగం ఒక్కదాన్నే నమ్ముకోం. బెల్టు దారాన్ని తీశాక వేడి మీద సాగదీసి తీరాల్సిందే.

గుడ్ల సంగతి చదివి బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇక ఆ మాట ఎత్తను.

మా మేనేజరు గారిని ల్యాబు రిపోర్టు అడిగాను. "బయటి బెల్టు మీద మన పేరుతో ఒక్క కాగితం కూడా గేటు దాటకూడదు" అన్నారు. చచ్చిపోయింది మా అన్నయ్య అని చెప్పాను. "అందుకే మరీ కుదరదమ్మా" అన్నారు. ఆయన తప్పు పట్టను. కానీ కాగితం లేకుండా నేను ఎవరి దగ్గరకి వెళ్లినా, రౌడీ వదినకి తోడు పిచ్చి ఆడపడుచు వచ్చిందంటారు.

సెలవు పెట్టాను. ఇవ్వకపోయినా వస్తాను. వాడికి తెలుసో లేదో తేల్చే దారి ఒకటి తోచింది. అదేమిటో ఇక్కడ రాయను. నీకంటే ముందు ఈ ఉత్తరం వేరేవాళ్లు చదువుతారు కదా. వాళ్లకి నా నమస్కారం.

సువార్త


మహిళా కారాగారం,
రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 29.

సువార్తా,

నువ్వు దాచింది నాకు భయంగా ఉంది. ఒక్కటే చెబుతాను. నీ చేతికి కత్తి వద్దు. ఇద్దరం ఇక్కడికొచ్చి కూర్చుంటే అత్తయ్యకి గంజి కాచే దిక్కుండదు.

కానీ వాడు ఏడవాలి. ఇక్కడ ఆదివారం కూడికకి వచ్చే ప్రసంగి గారు శత్రువుని క్షమించమన్నారు. నేను లేచి, "తప్పు ఒప్పుకోని శత్రువుని కూడానా అండి?" అని అడిగాను. ఆయన మంచివాడే, "దాని గురించి ప్రార్థన చేద్దాం తల్లీ" అన్నాడు. నేను కళ్లు మూసుకోలేదు.

ఏం జరిగినా పూర్తిగా రాయి. నన్ను బాధపెడుతుందని ఏదీ తగ్గించకు.

దీవెన


అంబాజీపేట,
అక్టోబరు 20.

వదినా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను ఏ తప్పు చేస్తే ఆ తప్పుతో సహా.

జగన్నాథరావు మార్కెట్ రోజుల్లో వ్యానేసుకుని అంబాజీపేట వస్తాడని సత్తిబాబు చెప్పాడు. అదే, అన్నయ్యతో కలిసి దింపుకి వెళ్లే వీరవెంకటసత్యనారాయణ. ఆ జగన్నాథరావు తండ్రి కూడా చెట్లెక్కేవాడేనట. ఈ వయసులో కూడా తానే బెల్టు కట్టుకుని చెట్టెక్కి, రెండు చేతులూ వదిలేసి వెనక్కి ఊగి, "చూసుకోండి బాబూ" అని మైకులో అరిపిస్తాడట. అది విన్నప్పుడే అనుకున్నాను, తన నడుముకి ఏది కట్టుకుంటాడో చూడాలని.

అమ్మా, నేనూ, సత్తిబాబూ వెళ్లాం. దింపు వాళ్లు చాలామంది చేరారు. అతను చెట్టు దిగి చెమట తుడుచుకుంటుండగా ముందుకెళ్లాను. నేనెవరో అతనికి తెలియదు.

"అయ్యగారూ, మీ నడుముకున్నదీ వ్యానులో అమ్మేదీ ఒకటేనా అండి?"

"ఆయ్, ఒకటేనమ్మా. ఒకే మగ్గం, ఒకే దారం."

"అయితే రెండింట్లోంచీ ఒక్కో పోగు ఇప్పిస్తారా?"

"పోగేం చేసుకుంటావమ్మా, తాయెత్తు కట్టుకుంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఊపులో తన బెల్టు అంచు నుంచి తానే ఒక పోగు పీకి ఇచ్చాడు. రెండోది సత్తిబాబు వ్యానులో బెల్టు నుంచి తీశాడు. రెండూ ఒకే పొడవుకి కోసి, అందరికీ చూపించి, పక్కనే టీకొట్టు లోవలక్ష్మి గారి గిన్నెలో కుతకుతా మరుగుతున్న నీళ్లలో వేశాను. చెంచాతో తీసి తెల్ల గుడ్డ మీద పరిచాను. అతని నడుము పోగు అలాగే ఉంది. అమ్మకం పోగు సగానికి ముడుచుకుపోయింది.

"ఓలమ్మో, వానపాములా చుట్టుకుపోయిందేంటి!" అంది లోవలక్ష్మి గారు.

నేను నీకు రాసిందంతా వాళ్లకి చెప్పాను. చక్రం వేగం, సగం దారం, వేడి రోలర్లు, అన్నీ. ఆఖర్న, "నేను ఏసురాజు చెల్లెల్నండి" అన్నాను. నీ ప్రశ్నకి జవాబు అతని ముఖంలో దొరికింది వదినా. ఆశ్చర్యపడలేదు. మోసపోయినవాడు ముందు ఆ పోగుని చేతిలోకి తీసుకుని చూస్తాడు. ఇతను దానివైపు చూడనే లేదు, చుట్టూ ఎంతమంది ఉన్నారో చూశాడు. వాడికి తెలుసు. అందుకే తనకి వేరే బెల్టు.

కానీ తేరుకున్నాడు. "వేడినీళ్లలో ముడుచుకుంటే ఏంటి? చెట్టు మీద నీళ్లు కాచుకుంటారా ఎవరైనా?" అన్నాడు. కొందరు నవ్వారు కూడా. చేజారిపోతోందనిపించింది. అప్పుడు సత్తిబాబు, "నిజమేనండి. అయితే ఆ నడుముది విప్పేసి వ్యానులోది కట్టుకోండి. ఇందాకట్లా ఎక్కి చేతులు వదిలెయ్యండి. నేనే ముందు కొంటాను" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఫోన్లు పైకి లేచాయి. అంతమంది ముందు కాదనలేక కట్టుకున్నాడు.

నేను ఆపవచ్చు. ఆ దారం ఎంతకి సాగుతుందో ఆ మార్కెట్ మొత్తంలో నాకే బాగా తెలుసు. నోరు మూసుకుని నిలబడ్డాను. పడాలని కోరుకున్నాను. ఈ మాట ఎవరు చదివినా సరే.

ఎక్కాడు. చాలా ఎత్తుకే పోయాడు. మెల్లగా వెనక్కి ఆనాడు, ఏమీ కాలేదు. ధైర్యం వచ్చి, చేతులు వదిలి ఇందాకట్లా ఊగాడు. బెల్టు జానెడు సాగింది. మనిషి గతుక్కుమని కిందికి జారి, రెండు చేతులతో మాను కావలించుకున్నాడు. అంతే. ఇక పైకీ పోలేడు, కిందికీ రాలేడు. "దింపండ్రా! దింపండి బాబూ!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా రెప్పపాటులో చెట్టెక్కేవాళ్లే. ఒక్కడూ కదల్లేదు. అందరూ చేతులు కట్టుకున్నారు.

అమ్మ ముందుకి నడిచింది. "సత్తిబాబూ, చెట్టెక్కే మోకుతాడు తీసుకో" అంది. నేను చెయ్యి పట్టుకుని, "అమ్మా, వదిలెయ్. నీకెందుకు?" అన్నాను.

"నాకే కావాలే. వీడు చస్తే నా కొడుకు తాగుబోతుగానే ఉండిపోతాడు. ఆ మాటన్న నోరు బతికుండాలి" అంది. తర్వాత తలెత్తి, చర్చిలో ప్రార్థన చెప్పేటంత నెమ్మదిగా అడిగింది. "ఏం బాబూ, నా కొడుకు తాగాడా?"

"లేదమ్మా… తాగలేదు."

"వినపడలేదు."

"తాగలేదమ్మా! ఏసురాజు తాగలేదు!"

"మరెందుకు పడ్డాడు?"

"బెల్టమ్మా. ఇది చీరలకి పనికొచ్చే దారం. నాకు తెలుసు. తెలిసే నేయించాను. దింపించు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను."

అమ్మ సత్తిబాబు వైపు తలాడించింది. అతను పాత మోకుతో ఎక్కి వాడిని బస్తా దింపినట్టు దింపాడు. వాడు నేల మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. అమ్మ ఒక్కక్షణం చూసి, కొంగు దులుపుకుని, బస్సు వైపు నడిచింది.

ఆ వీడియోలు ఇప్పుడు జిల్లా అంతా తిరుగుతున్నాయి. పోలీసులు వ్యానూ, షెడ్డూ సీలు వేసి బెల్టులు ప్రభుత్వ ల్యాబుకి పంపారు. జగన్నాథరావుని అరెస్టు చేశారు. మన ఊరి వాట్సాప్ గ్రూపులోనే, 'తాగుబోతు మొగుడు' అన్న ఆ పాత మాట కిందే, ఎవరో వీడియో పెట్టారు.

సువార్త


మహిళా కారాగారం,
రాజమహేంద్రవరం,
నవంబరు 17.

సువార్తా,

నీ ఉత్తరం చదవగానే అత్తయ్య మీద కోపమొచ్చింది. దింపమనడానికి ఆవిడెవరు? మా ఆయన పడేటప్పుడు ఎవరైనా ఇలా అడ్డుపడ్డారా? నువ్వు నోరు మూసుకున్నందుకు నీ మీద ప్రేమ పుట్టుకొచ్చింది, ఆవిడ నోరు తెరిచినందుకు ఒళ్లు మండింది. పళ్లెం ముందు కూర్చుని కూడా తిట్టుకున్నాను.

తర్వాత బ్యారక్‌లో వాళ్లు గట్టిగా చదవమన్నారు. "వినపడలేదు" దగ్గరకి వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. పెద్దాపురం ఆవిడ ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివించుకుంది. చదువుతుంటే నాకు అర్థమైంది. నా పగ వాడి మెడ దాకానే వెళ్లింది. అత్తయ్య పగ నోటి దాకా వెళ్లింది. నేను వాడిని చంపేసి ఉంటే ఆ మాట వాడితోపాటు మట్టిలోకి పోయేది, మా ఆయన తాగుబోతుగా మిగిలేవాడు.

నాకు బెయిలు ఇచ్చారు. సత్తిబాబూ, తోట వీరమ్మ గారూ జామీను నిలబడ్డారు. నా కేసు నా మీద ఉంటుంది. చేసిన పని చేయలేదని చెప్పను, చేసినందుకు సిగ్గుపడుతున్నానని కూడా చెప్పలేను. కాగితాలు రేపు వస్తాయి. నువ్వు ఉద్యోగానికి వెళ్లిపో. అత్తయ్యని నేను చూసుకుంటాను.

ఇవాళ కోర్టులో జరిగింది చెప్పాలి. వరండాలో నన్ను ఒక పక్క కూర్చోబెట్టారు. రిమాండు పొడిగించడానికి జగన్నాథరావుని తీసుకొచ్చారు. చిక్కిపోయాడు. నన్ను చూసి తల దించుకున్నాడు, చేతి మీది మచ్చని రెండో చేత్తో కప్పుకున్నాడు. జాలి కలుగుతుందేమోనని నాలో నేనే వెతుక్కున్నాను. కలగలేదు.

కాసేపటికి ఒకావిడ నా ముందుకొచ్చి నిలబడింది. చామనచాయ మనిషి, కళ్లు వాచిపోయి ఉన్నాయి. "నేను ఆయన భార్యనమ్మా" అంది. "ఆయనకి షుగరు, బీపీ. లోపల వేళకి మందులు పడట్లేదు. ఇలాగే ఉంటే పోతారని భయంగా ఉంది. మీరు ఒక్క మాట అంటే…"

పక్కనున్న కానిస్టేబులమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నేనేం చేస్తానోనని.

నేను నిదానంగానే మాట్లాడాను సువార్తా. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది. "జైలు డాక్టరు గారి పేరున అర్జీ పెట్టుకోండమ్మా. మందుల చీటీ జత చేస్తే లోపలికి పంపుతారు. ఆలస్యం చేయకండి, ఇవాళే పెట్టండి" అన్నాను.

ఆవిడ నా చేతులు పట్టుకుని, "మీది ఎంత మంచి మనసమ్మా" అంది.

"మంచి మనసు కాదండి. ఆయన బతకాలి. ప్రతి వాయిదాకీ రావాలి. ప్రతి వాయిదాకీ నేనూ వస్తాను" అన్నాను.

దీవెన